వీపు మీది చిల్లు

దర్జీ తన పని నలుగురి కంటా పడాలని చేస్తాడు. రఫూ చేసేవాడు తన పని ఏ ఒక్కరి కంటా పడకూడదని చేస్తాడు. ఇద్దరి చేతిలోనూ సూదే, ఇద్దరి ఒడిలోనూ గుడ్డే. అయినా ఒకరిది చూపించుకునే విద్య, మరొకరిది దాచుకునే విద్య. చిరిగినచోట మరో ముక్క వేసి కుడితే అది అతుకు. ఆ గుడ్డ మడతలోంచే పోగులు లాగి, నిలువు పోగునూ అడ్డపోగునూ మళ్ళీ నేసి, అసలది చిరగనే లేదని చూసేవాణ్ణి నమ్మిస్తే అది రఫూ. నమ్మించడం అన్న మాట కొంచెం అనుమానించదగినదే గాని, ఆ పనిలో మోసం ఉందని అంతవరకు ఎవరూ అనలేదు.

ఒక వీధి చివర తన ఇంటి మెట్ల కింది గదిలో ఈ పని చేసే ఆయనను వయసులో ఉండగా అందరూ "ఏయ్ రఫూ" అని పిలిచేవారు. జుట్టు నెరిసేకొద్దీ ఆ పిలుపుకు "గారు" చేరి, "రఫూగారు" అయింది. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఏమిటో ఇంటావిడ కూడా ఒక్క క్షణం ఆలోచించి చెప్పవలసి వచ్చేది. గది ఎంత ఇరుకంటే, లోపల ఆయన కూర్చున్నాక వచ్చినవాళ్ళు వీధిలోనే నిలబడాలి. కిటికీ పక్కన పీట, గుడ్డ బిగించడానికి ఒక చెక్క గుండు, పోగులు పట్టి లాగే సన్నని పట్టకారు, చెక్కపెట్టెలో సూదులు, చిన్న కత్తెర: ఇంతే ఆస్తి. దీపాల వెలుతురులో రంగులు మోసం చేస్తాయని పొద్దు వాలగానే సూది దించేసేవాడు. "పొద్దుపోయాక చేసిన రఫూ, పెళ్ళిచూపుల్లో చెప్పిన జీతం, తెల్లారితే రెండూ తేలిపోతాయి" అనేవాడు.

ఆయనకు ఒకే ఒక్క దురభిమానం ఉండేది. బాగుచేసిన బట్టను వచ్చినవాళ్ళ ముందు పరిచి, "ఏదీ, ఎక్కడ చిరిగిందో చూపించండి చూద్దాం" అనేవాడు. వాళ్ళు తడిమి తడిమి చేతులెత్తేస్తే మీసంలో నవ్వుకునేవాడు. ఎవరైనా "ఇదిగో, ఇక్కడ" అని వేలు పెట్టారా, ఆ పూట ఆయనకు అన్నం సహించేది కాదు.

ఆయనకు ఒక్కడే తమ్ముడు. వాడి ముద్దుపేరు "ఆలస్యం". అన్న పుట్టిన చాలా ఏళ్ళకు, ఇక పుట్టడనుకున్నాక పుట్టాడు కనుక మొదట తల్లి సరదాకు అలా పిలిచింది; పెరిగి పెద్దయ్యాక ఆ పేరును సార్థకం చేసుకునే బాధ్యత వాడే తీసుకున్నాడు. బడికి ఆలస్యం, పనికి ఆలస్యం, తన పెళ్ళికి తానే ఆలస్యం. అందుచేత జీవితమంతా పరుగే. తాళాలు బాగుచేసే కొట్లో పని. తాళంచెవి పోగొట్టుకున్నవాళ్ళ ఇళ్ళకు ఇనప సామాను సంచీ భుజాన వేసుకుని వెళ్ళి తలుపులు తెరిచి వచ్చేవాడు. తెల్లవారి బయలుదేరేటప్పుడు పరుగు, సాయంత్రం చివరి బస్సు కోసం పరుగు. వాడు మామూలుగా నడవగా చూసినవాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు.

ఇక కోటు సంగతి. ముదురు గోధుమరంగు ఉన్ని కోటు; అన్న పెళ్ళికి కుట్టించుకున్నది. ఒక చలికాలం తమ్ముడు వణుకుతూ వస్తే, ఆ పూటకని ఒంటిమీద వేశాడు. ఆ పూట చాలా చలికాలాలు సాగింది.

"ఒరేయ్, నా కోటెప్పుడిస్తావురా?"

"ఇస్తానన్నయ్యా. ఎండాకాలం రానీ."

"ఎండాకాలం వస్తే నాకెందుకురా అది?"

"అదే నేననేదీ! నీకెందుకూ?"

ఈ సంభాషణ ఏడాదికొకసారి, ఒక్క అక్షరం తేడా లేకుండా జరిగేది. ఇంట్లో ఆడవాళ్ళు ముందే నవ్వడానికి సిద్ధంగా ఉండేవారు.

ఆ సాయంత్రం ఇంకా పూర్తిగా చీకటి పడలేదు. పక్క వీధిలో ఒక నగల కొట్టులో దొంగలు పడ్డారని, సంచీతో ఒకడు పారిపోయాడని పోలీసులకు కబురు అందింది. అదే వేళకు భుజాన సంచీతో, గుండీలు పెట్టుకోని కోటు గాలికి ఎగురుతుండగా, కదిలిపోతున్న బస్సు వెనక తమ్ముడు పరిగెడుతున్నాడు. వెనకనుంచి "ఆగు! ఆగు!" అన్న కేకలు. బస్సు వెనక పరిగెత్తేవాడికి ఆ కేక ఎలా వినిపిస్తుంది? ఎవరో పుణ్యాత్ములు తన కోసం బస్సును ఆపుతున్నారనిపిస్తుంది; ఇంకాస్త వేగంగా పరిగెడతాడు. వాడూ అలాగే అనుకుని ఉంటాడని అన్నగారి నమ్మకం. తూటా ఒకటే పేలింది. తీరా చూస్తే ఆ సంచీలో ఉన్నవి ఆకురాయి, సుత్తి, తుప్పుపట్టిన తాళంచెవుల గుత్తి.

మర్నాడు పోలీసు అధికారులు విలేఖరులకు ఒక ప్రకటన చదివి వినిపించారు. "అనుమానితుడు ఇనప పరికరంతో ఎదురుతిరిగి దాడికి దిగగా, ఆత్మరక్షణార్థం కాల్పులు జరిగాయి. అనుమానితుడికి మరణం సంభవించింది." ఆ వాక్యాలు కట్టినవాడు భాష తెలిసినవాడే. దాడి చేసినవాడికి వాక్యంలో చోటు ఇచ్చాడు, కాల్చినవాడికి ఇవ్వలేదు. కాల్పులు వాన కురిసినట్టు వాటంతటవే జరిగాయి. మరణం భూకంపంలా తనంత తానే సంభవించింది. క్రియ ఉన్నచోట కర్తను వెతకమని పిల్లలకు ఎంత చెప్పినా, పెద్దవాళ్ళు కర్తను దాచే విద్యనే నేర్చుకుంటారు.

ఎదురుతిరిగాడా, పారిపోయాడా అన్న ప్రశ్న మీదే అంతా నిలిచింది. ఎదురుతిరిగితే తూటా రొమ్మున దిగాలి. పరిగెడుతుంటే వీపున దిగాలి. తూటా ఒంట్లోంచి దూసుకుపోయింది కనుక రెండువైపులా గాయమే. శవపరీక్ష చేసిన వైద్యుడు రొమ్మున దిగి వీపునుంచి బయటికి వచ్చిందని రాశాడు. రాసేటప్పుడు ఆయన భుజం వెనక ఎవరెవరు నిలబడ్డారో ఆయనకే తెలియాలి. పోలీసులు దగ్గరుండి అంత్యక్రియలు తొందర తొందరగా జరిపించేశారు. అన్ని పనులకూ ఆలస్యమైనవాడు ఆ ఒక్కదానికి ముందుగా వెళ్ళిపోయాడు. బస్సు ఆగేచోట ఉండే పండ్లబండి మనిషి కళ్ళారా చూశాడని ముందు అందరూ అన్నారు. తరువాత అడిగితే, "నేనప్పుడు అటు తిరిగి ఉన్నా బాబూ, నన్నొదిలెయ్యండి" అని చేతులు జోడించాడు. కంచే చేను మేస్తుంటే గట్టు మీద నిలబడినవాడు ఎవరికని చెప్పుకుంటాడు?

తమ్ముడి చొక్కా, ప్యాంటు, చెప్పులు, సంచీ అన్నీ పోలీసులు పట్టుకుపోయారు. కోటు మాత్రం పట్టుకుపోలేదు. ప్రాణం ఇంకా కొట్టుకుంటుండగానే ఆసుపత్రికి మోసుకొచ్చినప్పుడు దాన్ని విప్పి పక్కన పడేస్తే, బల్ల కిందికి జారిపోయిందట. ఊడ్చే ఆమె చూసి, ప్లాస్టిక్ సంచీలో పెట్టి, గేటు దగ్గర కూలబడి ఉన్న అన్న చేతిలో పెట్టింది. "ఇది మిగిలిపోయింది నాయనా, తీసుకుపో" అంది.

ఆయన ఏడవలేదు. ఇల్లంతా ఏడుస్తుంటే ఆయన చేతులు మాత్రం ఏదో ఒకటి వెతుక్కుంటూ తిరిగాయి. నెత్తుటి మరకకు వేడినీళ్ళు పనికిరావు. చన్నీళ్ళలో ఉప్పు వేసి కోటు నానబెట్టాడు. నీళ్ళు మార్చాడు. మళ్ళీ మార్చాడు. నీడలో ఆరేశాడు. ఆరాక కిటికీ పక్కన పీట మీద కూర్చుని, చెక్క గుండు మీద దాని వీపు బిగించాడు.

బఠాణీ గింజంత చిల్లు. గుండీలు పెట్టుకోలేదు కనుక కోటు ముందువైపు ఏమీ కాలేదు. చుట్టూ నల్లగా కమిలిన వలయం, ఎంత ఉతికినా పోనిది. తెగిన పోగులన్నీ లోపలివైపుకు ఒరిగి ఉన్నాయి. ఆయన అదంతా చూశాడు. చూడడమంటే, రఫూ చేసేవాడు చూసినట్టు చూశాడు: ఏ పోగు ఉంచాలి, ఏ పోగు తీసేయాలి అని. చెడిన అంచును కత్తిరించి శుభ్రం చేయనిదే నేత కుదరదు; చిన్నప్పుడు ఈ పని నేర్పిన మేనమామ చెప్పిన మొదటి పాఠం అదే. నల్లబడిన పోగులను పట్టకారుతో ఒక్కొక్కటే పట్టి, కత్తిరించి నేలమీద వదిలాడు.

ఇంటావిడ గుమ్మంలో నిలబడి చూసి, "ఏమండీ... ఇప్పుడెవరి కోసమండీ అదీ?" అంది.

"చిల్లుతో ఉంచుతామా?"

"తొడుక్కునేవాడు లేడు కదండీ."

"అయితే? చిల్లుతోనే ఉంచుతామా?"

ఆమె ఆయన కాళ్ళ కింద పడిన పోగులను చీపురుతో ఊడ్చి, చేటలోకి ఎత్తి, బయట పారబోసింది. ఏడుపు ఆగని ఇంట్లో కూడా చెత్త చెత్తే.

కోటు అంచు మడత లోపలినుంచి పోగులు లాగి, రోజుల తరబడి పగటి వెలుతురంతా ఖర్చుపెట్టి, ఆయన ఆ చిల్లును నేశాడు. అంత మంచి పని ఆయన జన్మలో చేయలేదు. ఉన్ని నూగును ముల్లుతో రేపి, ఇస్త్రీ చేసి, తీసుకెళ్ళి మరదలికి ఇచ్చాడు. మందుల కంపెనీలో డబ్బాలు సర్దే ఆ మనిషి, మొగుడు పోయిన నాటినుంచి బడికెళ్ళే పాపను కూడా పట్టించుకోకుండా రాయిలా కూర్చుని ఉంది. కోటు అందుకుని వీపంతా అరచేత్తో తడిమింది. ఏమీ తగల్లేదు. అప్పుడు కోటులో మొహం దాచుకుని భోరుమంది. ఆమెను ఏడిపించగలిగాను కదా, గుండెబరువు దించగలిగాను కదా అని ఆయన అనుకున్నాడు. మంచిపని చేశాననే అనుకున్నాడు.

ఇంతలో ఊళ్ళో అలజడి పెరిగింది. తాళాల పనివాళ్ళు కొట్లు మూశారు, విద్యార్థులు ఊరేగింపులు తీశారు, పత్రికలు అడిగాయి. చివరకు ప్రభుత్వం, పదవీ విరమణ చేసిన ఒక న్యాయమూర్తిని విచారణకు నియమించింది. మరదలి తరఫున రూపాయి తీసుకోకుండా వాదిస్తానని ఒక లాయరమ్మ ముందుకు వచ్చింది. చిన్న వయసు, పెద్ద సంచీ, కూర్చునే తీరికలేని మాట. ఆమె ఒకరోజు పగలు మెట్ల కింది గది ముందుకు వచ్చి, వీధిలోనే నిలబడి అడిగింది.

"మీ తమ్ముడి బట్టలన్నీ వాళ్ళ దగ్గరే ఉన్నాయి. చొక్కా అడిగితే, తడిసి పాడైపోతే పారేశామంటున్నారు. మీ దగ్గర ఏమైనా మిగిలిందాండీ? చేతిగుడ్డైనా సరే."

"కోటుందమ్మా."

ఆమె చేతిలోని సంచీ కిందకి జారింది. "కోటా? ఆ రోజు ఒంటిమీదున్న కోటా? చిల్లుందా?"

"ఉండేది."

"ఉండేదంటే?"

"బాగుచేశానమ్మా."

లాయరమ్మకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక గడప మీద చతికిలబడింది. కాసేపటికి గొంతు తగ్గించి, చిన్నపిల్లవాడికి చెప్పినట్టు చెప్పింది. "చూడండి. తూటా గుడ్డలో దూరినచోట పోగులు లోపలికి ఒరుగుతాయి. బయటికొచ్చినచోట బయటికి ఒరుగుతాయి. దూరినచోట చుట్టూ నల్లటి మసి వలయం కూడా ఉంటుంది. అందుకే అడుగుతున్నా. గుర్తుందా మీకు, ఎలా ఉందో?"

ఆయన చేతిలో ఉన్న సూది కదల్లేదు.

"నల్లగా ఉంది," అన్నాడు. "పోగులు లోపలికే ఉన్నాయి."

"అవి..."

"కత్తిరించేశాను."

"ఆ ముక్కలు?"

ఆయన గుమ్మం వైపు తిరిగి చూశాడు. వెనక గుమ్మంలో నిలబడిన ఇంటావిడ, "అయ్యో, నా చేతులు విరిగిపోనూ" అంటూ నోట్లో కొంగు కుక్కుకుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఆ సాయంత్రం ముగ్గురూ వెళ్ళి, చెత్త పోసే చోట కర్రలతో కెలికారు. ఎన్ని వారాల చెత్త ఎన్ని బండ్లలో వెళ్ళిపోయిందో! మునిసిపాలిటీ మనిషి ఒకడు ఆగి చూసి, "ఏం పోయిందండీ, ఉంగరమా?" అని జాలిగా అడిగాడు.

విచారణ ఒక కార్యాలయంలోని పొడవాటి గదిలో జరిగింది. రంగు పెచ్చులూడిన గోడలు, గాలి తక్కువగానూ చప్పుడు ఎక్కువగానూ ఇచ్చే పంకాలు. కాల్చిన పోలీసు ముందు వరసలో కూర్చున్నాడు. రాక్షసుడెవరో కనిపిస్తాడనుకుని వచ్చిన రఫూగారికి, కళ్ళజోడు పెట్టుకుని, తల నున్నగా దువ్వుకుని, గుమాస్తాలా ఒద్దికగా కూర్చున్న మనిషి కనిపించాడు. అతని చొక్కా జేబు పక్కన ఎవరో మొరటుగా కుట్టిన చిరుగు ఒకటి ఉంది. ఆయన చూపు మాటిమాటికీ అక్కడికే పోయింది. తమ్ముణ్ణి చంపినవాడి చిరుగును సరిచేయాలని వేళ్ళు దురద పెడుతున్నాయని గ్రహించి, ఆ చేతిని రెండో చేత్తో గట్టిగా పట్టుకున్నాడు.

కోటును బల్లమీద పరిచారు. న్యాయమూర్తి వంగి చూశాడు. భూతద్దం తెప్పించుకుని చూశాడు. ఉన్ని మీద వేలు రాసి చూశాడు.

"ఎక్కడయ్యా చిల్లు?"

రఫూగారు దగ్గరకు వెళ్ళి వేలు పెట్టి చూపించాడు.

"ఇక్కడా? ఇక్కడేమీ లేదే!" న్యాయమూర్తి మళ్ళీ చూసి, తల పైకెత్తి, మనస్ఫూర్తిగా అన్నాడు: "అబ్బ! ఏం పనితనమయ్యా నీది! ఇలాంటి చెయ్యి నేనెక్కడా చూళ్ళేదు."

అంతటి పెద్దమనిషి నోట ఆ మాట వినాలని ఏ పనివాడు కోరుకోడు? అది వినబడగానే రఫూగారు జేబులోంచి సూదుల పెట్టె తీశాడు. "విప్పేస్తానయ్యా," అన్నాడు. "సూది తెచ్చాను. మీ ఎదుటే విప్పేస్తాను. చిల్లు మళ్ళీ వస్తుంది."

పోలీసుల లాయరు లేచాడు. నిదానస్థుడు, మర్యాదస్థుడు, గొంతు పెంచవలసిన అవసరం ఏనాడూ రానివాడు.

"విప్పక్కర్లేదండి. చిల్లుండేదని మేమూ ఒప్పుకుంటున్నాం. రొమ్మున దిగిన తూటా వీపునుంచి బయటికొచ్చింది కదా, చిల్లు ఉండకుండా ఎలా ఉంటుంది? అంతేనా పెద్దాయనా?"

"కాదండి. పోగులు లోపలికున్నాయి. నల్లగా కమిలింది కూడాను."

"ఆ పోగులేవీ?"

"కత్తిరించేశానండి."

"ఎందుకు?"

"కత్తిరించందే నేత పట్టదండి."

"అంటే, ఉన్న ఒక్క సాక్ష్యాన్నీ మీరే కత్తిరించి, మీరే ఊడ్చేసి, అక్కడ సాక్ష్యం ఉండేదని మీరే సాక్ష్యం చెప్తున్నారు." గదిలో ఎవరో కిసుక్కుమన్నారు. "చనిపోయినవాడు మీకేమవుతాడు?"

"తమ్ముడండి."

"చాలండి. వెళ్ళి కూర్చోండి."

లాయరమ్మ లేచి గట్టిగానే వాదించింది: చొక్కా ఎందుకు పారేశారు, అంత్యక్రియలకు ఆ తొందరేమిటి, కదిలే బస్సువైపు పరిగెత్తేవాడు ఎదురెలా తిరుగుతాడు అని. న్యాయమూర్తి అన్నీ తల ఊపుతూ విన్నాడు. మంచివాడే. కానీ మంచితనానికీ చేతికందే వస్తువు ఒకటి కావాలి.

నివేదిక వచ్చింది. లాయరమ్మ మరదల్నీ, రఫూగారినీ తన గదిలో కూర్చోబెట్టి చదివి వినిపించింది. సమర్పించబడిన వస్త్రము మరమ్మతుకు గురైనందున దానినుండి ఏ నిర్ధారణకూ రాజాలమని, కాల్పులు ఆత్మరక్షణార్థం జరగలేదనడానికి తగిన ఆధారము కానరాలేదని అందులో ఉంది. బాధ్యులుగా ఎవరి పేరూ లేదు. కళ్ళజోడు మనిషిని మరో ఊరికి బదిలీ చేశారట, పై హోదాలో. కోటు ప్రభుత్వ భద్రతలో ఉంటుందట.

"పై కోర్టుకి వెళ్ళొచ్చు," అంది లాయరమ్మ. అని, కాగితాలు సర్దింది. "ఏం పట్టుకుని వెళ్తామో మాత్రం నాకు తెలియడం లేదు."

బయటికొచ్చి ఇద్దరూ కాలిబాట మీద నిలబడ్డారు. మధ్యాహ్నపు రద్దీ వాళ్ళను తోసుకుంటూ పోతోంది. ఇన్ని నెలలుగా మరదలు ఆయనను ఒక్క మాట అనలేదు. ఆ మౌనాన్ని మోయడం ఇక ఆయన వల్ల కాలేదు.

"నన్ను తిట్టమ్మా," అన్నాడు. "ఒక్కసారి నోరారా తిట్టు."

"తిట్టడం నాకూ వచ్చు బావగారూ. మిమ్మల్ని తిట్టేశాననుకోండి, ఇక వాళ్ళని తిట్టే ఓపిక నాకుండదు." ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "నా భయం అది కాదు. ఆ రిపోర్టు అచ్చేసి పెడతారట. పాప రేపు పెద్దదై చదువుతుంది. 'అమ్మా, నాన్న సుత్తి పట్టుకుని పోలీసుల మీదికి వెళ్ళాడా?' అంటుంది. నేనేం చెప్పమంటారు?"

"లేదని చెప్పు. వెనకనుంచే కాల్చారని చెప్పు. పెదనాన్న కళ్ళారా చూశాడని చెప్పు. పోగులన్నీ లోపలికే ఒరిగి ఉన్నాయని..."

"ఏవీ, చూపించు అంటే?"

ఆమె దెప్పడానికి అడగలేదు, నిజంగానే అడిగింది. జనం మధ్య ఒక పక్కకు ఒదిగి నిలబడి, ఆయన మొహంలోకి చూస్తూ, జవాబు వస్తుందేమోనని ఎదురుచూసింది. పిల్ల బడినుంచి వచ్చే వేళయింది. మరదలు ఇంకాస్సేపు ఆగి చూసి, "సరే, నే వెళ్తా బావగారూ" అని, రోడ్డు దాటి వెళ్ళిపోయింది.